మొదటి పీసీబీకి ఏ సాఫ్ట్‌వేర్? ట్యాంకు అలారం గీసి తేల్చుకుందాం

మా బంగ్లా మీది నీళ్ల ట్యాంకు అలారం ఏడాదిన్నర బ్రెడ్‌బోర్డు మీదే, అంటే సోల్డర్ లేకుండా వైర్లు గుచ్చే బోర్డు మీదే, నడిచింది. హనుమకొండలో ఉండేవాళ్లకు కోతుల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకరోజు పైకెక్కి చూస్తే జంపర్ వైర్లు సగం లేవు, బజర్ పక్కింటి పిట్టగోడ మీద దొరికింది. ఇక దీన్ని పీసీబీ మీద, అంటే రాగి గీతలే వైర్లుగా ఉండే బోర్డు మీద, సోల్డర్ చేసి డబ్బాలో బిగించాల్సిందే అనుకున్నాను. ఏ సాఫ్ట్‌వేర్‌లో గీయాలో తేల్చుకోవడానికే రెండు వారాలు పోయాయి. గీయడం రెండు సాయంత్రాల పని.

ఆదివారాలు మా ఇంటికొచ్చే డిప్లొమా, బీటెక్ పిల్లలూ ఇదే అడుగుతారు. "అన్నా, ఈజీగున్నది ఏదన్నా చెప్పు." మొదటి గంటలో ఈజీగా కనిపించినదాన్ని పట్టుకున్నవాళ్లు చాలావరకు సబ్మిషన్ ముందురోజు రాత్రి ఇరుక్కుంటారు. ఒకరికి ఫుట్‌ప్రింట్ తప్పు, ఇంకొకరికి ప్రింటు చిన్నగా వచ్చింది, మరొకరి ఫైలు కాలేజీ కంప్యూటర్‌లో తెరుచుకోదు. అందుకే ఒక చిన్న సర్క్యూట్ తీసుకుని, దాన్ని చేతికి బోర్డు వచ్చే దశ దాకా నడిపించి, అప్పుడు ఎంచుకోమంటాను. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

ఈ సాఫ్ట్‌వేర్లన్నీ చేసే పని ఒకటే. ముందు స్కీమాటిక్ గీస్తాం, అంటే దేనికి ఏది కలవాలో చెప్పే బొమ్మ. తర్వాత ఒక్కో భాగానికి ఫుట్‌ప్రింట్ కేటాయిస్తాం, అంటే ఆ భాగం కాళ్లు బోర్డు మీద దిగే ప్యాడ్ల కొలత. ఆపైన ప్యాడ్లను రాగి ట్రాకులతో కలిపి బోర్డు లేఅవుట్ చేస్తాం. చివరికి ఫ్యాక్టరీకి పంపే ఫైళ్లు తీస్తాం: రాగి గీతల బొమ్మలుండే గెర్బర్, రంధ్రాల చోట్లు చెప్పే డ్రిల్. ఇంట్లోనే చేసుకుంటే వాటి బదులు కాగితం మీద ప్రింటు.

1. బోర్డు ఎక్కడ తయారవుతుంది?

ముందు దీనికి జవాబు కావాలి. ఇంట్లోనే ప్రింటును ఇస్త్రీ పెట్టెతో రాగి మీదికి ఎక్కించి, మిగతా రాగిని ఫెర్రిక్ క్లోరైడ్‌లో కరిగించి (దీన్నే ఎచింగ్ అంటారు) చేసుకునేవాళ్లకు సాఫ్ట్‌వేర్ నుంచి కావలసినవి మూడు: సరిగ్గా 1:1 కొలతలో ప్రింటు, ట్రాకుల వెడల్పు మీద అదుపు, పెద్ద ప్యాడ్లు పెట్టుకునే వీలు. ఒక్క వైపే రాగి ఉన్న బోర్డు, 1 మిల్లీమీటరు ట్రాకులు, మధ్యలో అర మిల్లీమీటరు ఖాళీ అయితే ఇంటి పద్ధతిలో ధైర్యంగా చేయొచ్చు.

ఫ్యాక్టరీలో చేయిస్తే రెండు రాగి పొరలు, పావు మిల్లీమీటరు ట్రాకులు మామూలే. అప్పుడు గెర్బర్ సరిగ్గా రావడం ముఖ్యం. చైనా నుంచి తెప్పిస్తే బోర్డు ధర చూసి మురిసిపోకండి, షిప్పింగ్, కస్టమ్స్ కలిపి లెక్క వేయండి. బెంగళూరు, గుజరాత్‌లలో కూడా కొద్ది సంఖ్యలో బోర్డులు చేసిచ్చే ఫ్యాక్టరీలు ఉన్నాయి. వాళ్లందరికీ గెర్బర్ చాలు, మీరు ఏ సాఫ్ట్‌వేర్ వాడారో ఎవరూ అడగరు.

2. మీ ల్యాప్‌టాప్, మీ నెట్

కంప్యూటర్‌లో వేసుకునే ఉచిత పీసీబీ సాఫ్ట్‌వేర్ కీక్యాడ్. దాని కొత్త వెర్షన్లకు విండోస్ 10 లేదా ఆ తర్వాతది కావాలి. డౌన్‌లోడే ఒక జీబీ దాటుతుంది. అన్నయ్య వాడి వదిలేసిన విండోస్ 7 ల్యాప్‌టాప్ ఉంటే అందులో లినక్స్ వేసుకోండి, కీక్యాడ్ దాని మీద కూడా నడుస్తుంది. బ్రౌజర్‌లో నడిచే ఈజీఈడీఏ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌కు ఇన్‌స్టాల్ గొడవ లేదు గానీ నెట్ ఆగితే పని ఆగుతుంది. హాస్టల్‌లో రాత్రి పదకొండుకు మొబైల్ హాట్‌స్పాట్ మీద గీసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

3. జాబితాను రెండింటికి తగ్గించండి

మన కాలేజీల్లో బాగా వినిపించే పేరు ప్రోటియస్. 8051 మైక్రోకంట్రోలర్ ప్రోగ్రామును, ఆర్డుయినో బోర్డుకు రాసే స్కెచ్ అనే ప్రోగ్రామును తెర మీదే నడిపి చూపిస్తుంది, అందుకే లెక్చరర్లకు ఇష్టం. సిమ్యులేషన్‌కు ల్యాబ్‌లో లైసెన్సు ఉంటే వాడుకోండి. అయితే అది కొనుక్కోవాల్సిన సాఫ్ట్‌వేర్. పెన్‌డ్రైవుల్లో తిరిగే క్రాక్ కాపీ మాత్రం వద్దు. దొంగ సొమ్మన్నది ఒకటి, దానితో పాటు వచ్చే వైరస్‌కు మీ ప్రాజెక్టు రిపోర్టు బలి కావడం ఇంకొకటి.

యూట్యూబ్‌లో పాత పాఠాలు చూస్తే ఈగిల్ ఎదురవుతుంది. 1988లో జర్మనీలో క్యాడ్‌సాఫ్ట్ తెచ్చిన ఈ సాఫ్ట్‌వేర్‌ను 2016లో ఆటోడెస్క్ కొన్నది. 2026 జూన్ 7తో దాన్ని ఆపేస్తామని 2023లోనే ప్రకటించింది. ఆ పని ఇప్పుడు ఆటోడెస్క్‌దే అయిన ఫ్యూజన్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి చేరింది. అందులో ఉచిత లైసెన్సుకు రెండు పొరలు, 80 చదరపు సెంటీమీటర్ల హద్దు ఉన్నాయి. త్రీడీ ప్రింటర్‌తో డబ్బాలు కూడా గీసుకునేవాళ్లకు పనికొస్తుంది, మిగతావాళ్లు ఇప్పుడు కొత్తగా ఆ దారి పట్టడం ఎందుకు?

ఫ్రిట్జింగ్ బ్రెడ్‌బోర్డు బొమ్మలకు మంచిది. రిపోర్టులో పెట్టే బొమ్మ దానిలో వేస్తే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కు కూడా ఒక్క చూపులో అర్థమవుతుంది. పీసీబీ కూడా చేస్తుంది గానీ భాగాలు పది దాటాక ట్రాకులు లాగడం చిరాకు పుట్టిస్తుంది. డౌన్‌లోడ్‌కు కొన్ని యూరోలు కట్టాలి. ఆల్టియం, కేడెన్స్ వాళ్ల సాఫ్ట్‌వేర్లు కంపెనీల్లో నడుస్తాయి. మొదటి బోర్డుకు అవి బోనాల జాతరకు జేసీబీ తీసుకెళ్లినట్టు ఉంటాయి.

మిగిలినవి కీక్యాడ్, ఈజీఈడీఏ. కీక్యాడ్‌ను 1992లో జాన్-పియర్ షరాస్ అనే ఫ్రెంచి అధ్యాపకుడు మొదలుపెట్టారు. 2013 నుంచి జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాల కూడా చేయి వేసింది. పూర్తిగా ఉచితం, బోర్డు సైజుకు, పొరలకు చిన్నవాళ్లను అడ్డుకునే హద్దులేవీ లేవు. ఈజీఈడీఏ చైనాలోని షెన్‌జెన్ నుంచి వస్తుంది. బోర్డులు చేసే జేఎల్‌సీపీసీబీకీ, భాగాలు అమ్మే ఎల్‌సీఎస్‌సీకీ అది చుట్టం. గీయడం ఉచితం, ఆర్డరు మాత్రం మా దగ్గరే ఇవ్వండి అన్నట్టు బటన్లు పెట్టారు. అందులో తప్పు పట్టేదేమీ లేదు, తెలుసుకుని వాడితే చాలు.

4. పరీక్ష సర్క్యూట్

రెండింటిలోనూ ఒకే సర్క్యూట్ గీయండి. నాది ఇది: 12 వోల్టుల అడాప్టర్, నాలుగు బీసీ547 ట్రాన్సిస్టర్లు. ట్యాంకులో ఒక కామన్ కడ్డీ 12 వోల్టుల ప్లస్‌కు కలుస్తుంది, వేర్వేరు ఎత్తుల్లో ఉన్న నాలుగు కడ్డీలు 10 కిలో ఓమ్ రెసిస్టర్ల గుండా నాలుగు ట్రాన్సిస్టర్ల బేస్ కాళ్లకు వెళ్తాయి. నీళ్లు కడ్డీని తాకితే ఆ ట్రాన్సిస్టర్ ఆన్ అవుతుంది. మొదటి మూడింటి కలెక్టర్ కాళ్లకు 1 కిలో ఓమ్ రెసిస్టర్‌తో ఒక్కో ఎల్ఈడీ, నాలుగోదానికి 12 వోల్టుల బజర్. సరఫరాకు 2 పిన్నుల టెర్మినల్ బ్లాక్, కడ్డీలకు 5 పిన్నులది. మొత్తం 17 భాగాలు. కడ్డీలకు స్టీలు వాడండి, డీసీ కరెంటుకు రాగి తీగ నీళ్లలో త్వరగా తినేసుకుపోతుంది.

చిన్నదే అయినా ఇందులో మొదటిసారి తప్పు జరిగే చోట్లన్నీ ఉన్నాయి: దిశ ఉన్న భాగాలు, పిన్నుల వరస మారే ట్రాన్సిస్టర్, రకరకాల కొలతల్లో దొరికే బజర్.

5. కీక్యాడ్‌లో చివరిదాకా

కొత్త ప్రాజెక్టు తెరిచి స్కీమాటిక్ ఎడిటర్‌లోకి వెళ్లండి. కీబోర్డు మీద ఏ నొక్కితే భాగాల జాబితా, డబ్ల్యూ నొక్కితే వైరు, ఆర్ నొక్కితే తిరుగుతుంది, ఎమ్ నొక్కితే జరుగుతుంది. ఈ నాలుగు అక్షరాలు వస్తే సగం పని వచ్చినట్టే. మౌస్‌తో మెనూలు వెతుక్కుంటూ కూర్చునేవాళ్లకే కీక్యాడ్ కష్టమనిపిస్తుంది.

గీశాక ఈఆర్‌సీ నడపండి, అది కరెంటు తప్పులు వెతికే తనిఖీ. దాదాపు ప్రతి కొత్తవాడికీ ఇక్కడ ఒక ఎర్ర గుర్తు వస్తుంది: పవర్ పిన్నుకు ఎవరూ పవర్ ఇవ్వడం లేదని. అడాప్టర్ వైరు కలిపేశాం కదా అని మనం, టెర్మినల్ బ్లాక్ నుంచి కరెంటు వస్తుందని నాకెలా తెలుసు అని అది. 12 వోల్టుల లైను మీద ఒకటి, గ్రౌండ్ (మైనస్ లైను) మీద ఒకటి పవర్ ఫ్లాగ్ అనే గుర్తు పెడితే ఊరుకుంటుంది. దీనికి భయపడి సాఫ్ట్‌వేరే వదిలేసిన పిల్లలు నాకు తెలుసు.

తర్వాత ఫుట్‌ప్రింట్లు. ఇక్కడ తొందర పడొద్దు. బీసీ547 ఎంచుకుంటే టీవో-92 ఇన్‌లైన్ అనే ఫుట్‌ప్రింట్ దానంతటదే వస్తుంది. అందులో ప్యాడ్ల మధ్య దూరం 1.27 మిల్లీమీటర్లు. ఫ్యాక్టరీ బోర్డుకు ఫర్వాలేదు, ఇంట్లో చేసే బోర్డు మీద మాత్రం సోల్డర్ ఒక ప్యాడ్ నుంచి ఇంకోదానికి పాకుతుంది. దాని పక్కనే వైడ్ అని ఇంకోటి ఉంటుంది, దూరం 2.54 మిల్లీమీటర్లు. అది పెట్టండి. బజర్‌కు కాళ్ల దూరం 7.6 మిల్లీమీటర్లదీ ఉంది, 6.5దీ ఉంది. ముందు షాపుకెళ్లి బజర్ కొని, స్కేలుతో కొలిచి, అప్పుడు ఎంచుకోండి. హనుమకొండ చౌరస్తాలో దొరకనివి హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, కాజీపేట నుంచి పొద్దున బండెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. ఎలాగైనా సరే, భాగాలు చేతిలో ఉన్నాకే లేఅవుట్.

నేను చేసిన తప్పు కూడా చెప్తాను. బీసీ547 దొరక్క 2ఎన్3904 తెచ్చుకున్నాను. రెండూ ఎన్‌పీఎన్ రకం ట్రాన్సిస్టర్లే, చూడ్డానికి కవలలు, ఈ పనికి రెండూ చాలు. బోర్డు చేసి కలిపితే ట్యాంకు ఖాళీగా ఉన్నా ఎల్ఈడీలు మసకగా వెలుగుతూ కూర్చున్నాయి. చదునైన ముఖం మన వైపు పెట్టి చూస్తే బీసీ547 కాళ్లు ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904వి ఎమిటర్, బేస్, కలెక్టర్. నాలుగింటినీ పీకి, ముఖం వెనక్కి తిప్పి పెడితే అలారం దారికొచ్చింది. నాలుగు ట్రాన్సిస్టర్లు పీకడానికి పట్టిన గంటలో డేటాషీటు, అంటే భాగం కాళ్లు, కొలతలు చెప్పే కాగితం, నాలుగుసార్లు చదవొచ్చు.

ఇప్పుడు బోర్డు. పీసీబీ ఎడిటర్‌లో ఎఫ్8 నొక్కితే భాగాలన్నీ కుప్పగా వచ్చి పడతాయి, వాటి మధ్య ఏది దేనికి కలవాలో చూపే సన్నని దారాలు కనిపిస్తాయి. ఎడ్జ్ కట్స్ అనే పొర మీద 50 మిల్లీమీటర్ల చతురస్రం గీయండి, అది బోర్డు అంచు. టెర్మినల్ బ్లాకులను అంచుకు, నోళ్లు బయటికి ఉండేలా పెట్టండి. లోపలికి తిప్పి పెట్టి వైరు దూర్చలేక తిట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. భాగాలను అటూ ఇటూ తిప్పుతూ దారాలు తక్కువ చిక్కుపడేలా సర్దడానికి ఎంత సమయమైనా పెట్టండి. ఇక్కడ పెట్టిన అరగంట ట్రాకుల దగ్గర రెండు గంటలు మిగులుస్తుంది.

ట్రాకులు లాగేముందు బోర్డు సెటప్‌లో నెట్ క్లాసెస్ తెరిచి వెడల్పు 1 మిల్లీమీటరు, ఖాళీ అర మిల్లీమీటరు అని మార్చండి. మామూలుగా అది పావు మిల్లీమీటరు చుట్టుపక్కలే ఉంటుంది, ఇంటి ఎచింగ్‌లో ఆ సన్న గీతలు కరిగిపోతాయి. తర్వాత ఎక్స్ నొక్కి, కింది రాగి పొర మీద ట్రాకులు లాగండి. ఒకదాన్ని ఒకటి దాటక తప్పకపోతే పైనుంచి ఒక వైరు ముక్క జంపర్‌గా వేసుకోండి, సిగ్గేమీ లేదు. చివర్లో డీఆర్‌సీ, అంటే మీరిచ్చిన వెడల్పు, ఖాళీ తప్పాయేమో చూసే తనిఖీ, ఆల్ట్ 3 నొక్కితే త్రీడీ బొమ్మ. ఆ బొమ్మ చూసి ఇంట్లోవాళ్లు కూడా ఓహో అంటారు.

6. అదే ఈజీఈడీఏలో

ఇక్కడ స్కీమాటిక్ దాకా నిజంగానే వేగంగా వెళ్తుంది. వెతికిన భాగానికి ఫుట్‌ప్రింట్ ముందే అతికి ఉంటుంది, త్రీడీ బొమ్మ, స్టాకు ఎంతుందో కూడా కనిపిస్తాయి. ఈ సదుపాయంలోనే చిక్కు కూడా ఉంది. ట్రాన్సిస్టర్ అని వెతికితే వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఉపరితలం మీద అతికించే బియ్యపుగింజ రకాలు. చూసుకోకుండా నొక్కితే చేతిలో కాళ్లున్న ట్రాన్సిస్టర్, బోర్డు మీద రంధ్రాలే లేని ప్యాడ్లు మిగులుతాయి. వినియోగదారులు తామే గీసి పెట్టిన భాగాలు కూడా అందులో కలిసి ఉంటాయి, వాటి కొలతలు డేటాషీటుతో పోల్చకుండా నమ్మొద్దు.

ప్రాజెక్టు మామూలుగా వాళ్ల సర్వర్‌లో ఉంటుంది. స్నేహితులు ముగ్గురు కలిసి చేసే మినీ ప్రాజెక్టుకు ఇది లాభమే, ఎవరి ఇంట్లోంచైనా తెరవొచ్చు. ప్రో అనే రకాన్ని కంప్యూటర్‌లో వేసుకుని ఆఫ్‌లైన్‌లో కూడా నడపొచ్చు. గెర్బర్ డౌన్‌లోడ్ చేసుకుని వేరే ఫ్యాక్టరీకి ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు.

7. కాగితం పరీక్ష

ఏ సాఫ్ట్‌వేర్ మీకు సరిపడిందో తేల్చేది ఇదే. కింది రాగి పొరను, ప్యాడ్ల రంధ్రాలతో సహా, 1:1 కొలతలో పీడీఎఫ్ తీయండి. జిరాక్స్ సెంటర్‌లో ప్రింటు ఇచ్చేటప్పుడు "ఫిట్ టు పేజ్ వద్దన్నా, యాక్చువల్ సైజ్ పెట్టు" అని అడిగి, పక్కన నిలబడి చూడండి. లేకపోతే అది మీకు తెలియకుండానే కొంచెం కుదించేస్తుంది. ఇంటికొచ్చాక బోర్డు అంచును స్కేలుతో కొలవండి. 50 మిల్లీమీటర్లు ఉండాలి, 48 ఉంటే ఆ కాగితం చింపేయండి.

కాగితాన్ని థర్మాకోల్ ముక్క మీద పెట్టి, ఒక్కో భాగం కాళ్లను ప్యాడ్ల నడుమ గుచ్చి చూడండి. కింది పొర పైనుంచి చూసినట్టే ప్రింటవుతుంది కాబట్టి భాగాలు పైనుంచి సరిగ్గా కూర్చోవాలి. ట్రాన్సిస్టర్ ముఖం ఎటు, ఎల్ఈడీ పొడుగు కాలు ఎటు, టెర్మినల్ బ్లాక్ పిన్నులు 5.08 మిల్లీమీటర్లవా 5 మిల్లీమీటర్లవా, అన్నీ ఇక్కడే బయటపడతాయి. రెండు రూపాయల కాగితం మీద దొరికే తప్పు ఇది, ఫ్యాక్టరీ నుంచి బోర్డు వచ్చాక దొరికితే పార్సిల్ ఖర్చు పోయినట్టే.

ఇస్త్రీ పద్ధతికి అదే ప్రింటును నున్నటి కాగితం మీద లేజర్ ప్రింటర్‌తో తీయాలి, ఇంక్‌జెట్ పనికిరాదు. కింది పొరను అద్దంలో బొమ్మలా తిప్పకండి, రాగి మీద బోర్లించినప్పుడు అదే తిరుగుతుంది. అనుమానం ఉంటే కింది పొర మీద మీ పేరు రాసుకోండి. కాగితం మీద తిరగబడి, రాగి మీద సరిగ్గా చదవగలిగితే దారిలో ఉన్నట్టు. ఫెర్రిక్ క్లోరైడ్‌ను ప్లాస్టిక్ టబ్బులోనే వాడండి, స్టీలు గిన్నె జోలికి పోవద్దు, వాడేసిన ద్రావణాన్ని సింకులో పోయొద్దు.

8. ఫైలు బయటికి వస్తుందా?

చివరి తనిఖీ. గీసిన ప్రాజెక్టును వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. కీక్యాడ్ కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు. ఇంట్లో 9, కాలేజీ ల్యాబ్‌లో 6 ఉంటే రివ్యూ రోజున చెమటలు పడతాయి. ల్యాబ్‌లో ఏ వెర్షన్ ఉందో ముందే అడిగి ఇంట్లోనూ అదే వేసుకోండి, ఎందుకైనా మంచిది, పీడీఎఫ్ కూడా వెంట పెట్టుకోండి. ఈజీఈడీఏతో మొదలుపెట్టి తర్వాత మనసు మారితే దారి మూసుకుపోదు, కీక్యాడ్ 8 నుంచి ఈజీఈడీఏ ప్రాజెక్టులను లోపలికి తీసుకుంటుంది. అయితే తీసుకున్నాక ఫుట్‌ప్రింట్లు మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

9. ఇక ఎంచుకోండి

పదిహేను రోజుల్లో ఒక్క బోర్డు కావాలి, చైనా నుంచే తెప్పిస్తాం, తర్వాత ఈ పని మళ్లీ ముట్టుకోం అనుకునేవాళ్లు ఈజీఈడీఏ పట్టుకోండి. ఇంట్లో ఎచింగ్ చేసేవాళ్లు, నెట్ సరిగా లేని ఊళ్లలో ఉండేవాళ్లు, రెండో బోర్డు, మూడో బోర్డు కూడా చేస్తామనుకునేవాళ్లు మొదటి వారం కష్టం ఓర్చుకుని కీక్యాడ్ నేర్చుకోండి. నేను కీక్యాడ్ దగ్గరే ఆగాను. ఎనిమిదో తరగతి పిల్లలకైతే రెండూ వద్దు, బ్రెడ్‌బోర్డు మీదే ఇంకొన్నాళ్లు ఆడుకోనివ్వండి.

ట్యాంకు అలారం పనిచేయడం చూశాక ఊళ్లోంచి ఎవరో ఒకరు తప్పకుండా ఫోన్ చేస్తారు. నాకైతే పరకాల దగ్గరి మామ చేశాడు: "బాయికాడి మోటరుకు ఆటో స్టార్టర్ బోర్డు చేసియ్యరాదు?" సాఫ్ట్‌వేర్ వచ్చేసింది కదా అని ఒప్పుకోకండి. డీఆర్‌సీకి 12 వోల్టులూ 415 వోల్టులూ ఒకటే, మీరిచ్చిన అర మిల్లీమీటరు ఖాళీ ఉందో లేదో మాత్రమే అది చూస్తుంది. కరెంటు ఆ ఖాళీని దూకుతుందా, తడి చేత్తో స్టార్టర్ డబ్బా తెరిచేవాళ్ల గతేమిటి అనేది దానికి పట్టదు. మామకు నీళ్ల మట్టం చూపించే 12 వోల్టుల బోర్డు చేసిచ్చాను, త్రీ ఫేజ్ వైపు మాత్రం వాళ్ల ఊరి ఎలక్ట్రీషియనే చూసుకుంటాడని చెప్పేశాను.